తెప్ప పుస్తకానికి ఆఖరి కాగితాలు

సర్కారు లెక్కల్లో ఎలిమెంటరీ స్కూలుకి లైబ్రేరియన్ అనే ఉద్యోగమే లేదు. అయినా భావనపాడు దాటాక వచ్చే జాలరి పేటలో, మిషన్ బడిలో, గ్లోరీ ఆ ఉద్యోగం చేస్తూనే ఉంది. ఎప్పుడో ఒక దొరసాని సీమకు పోతూ మూడు బీరువాల పుస్తకాలు బడికి వదిలిపోయింది. వాటిని చెదల పాలు చేస్తే పాపమని సంఘం పెద్దలు తీర్మానించి, చదువుకున్న పిల్ల కదా అని గ్లోరీని కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కూర్చోబెట్టిన వాళ్లలో సగం మంది కాలం చేశారు. గ్లోరీ మాత్రం కుర్చీ దిగలేదు.

కూర్చోవడం అన్నది మాటవరసకే. సముద్రం పక్కన పుస్తకాన్ని కాపాడటం పసిపిల్లని సాకడం లాంటిదే. గాలి తగిలితే చెమ్మ, బీరువా మూస్తే బూజు. మైదా జిగురు ఉడికించి, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలిపి, ఊడిన అట్టలు అతికించుకోవాలి. విడిపోయిన కాగితాలు దబ్బనంతో కుట్టుకోవాలి. మంచి ఎండ కాసిన రోజు వాకిట్లో చాప పరిచి అన్నిటినీ ఆరబెట్టాలి. బడి గోడకి అవతల ఇసుకలో పేట ఆడవాళ్లు చేపలు ఎండేసుకుంటారు, ఇవతల గ్లోరీ పుస్తకాలు ఎండేసుకుంటుంది. కాకులకు మాత్రం ఆ తేడా బాగానే తెలుసు.

"టీచరమ్మా, కూసింత ఉప్పు జల్లకపోయావా? ఏడాదంతా నిలవుంటాయి" అని గోడ మీంచి తాతమ్మ వేళాకోళమాడేది. చేపల గంప మోసి మోసి మెడ ఇనుములా అయిపోయిన మనిషి తాతమ్మ. పేటలో ఆడవాళ్లందరికీ ఆమె మాటే మాట.

"ముందు నీ చేపలకి అట్టలు వేయించు పెద్దమ్మా" అనేది గ్లోరీ.

ఆ వేళాకోళం గోడ దాకానే. గడప దాటితే గ్లోరీ వేరే మనిషి. గుమ్మం పక్క బకెట్టు, సబ్బు ఉంటాయి. చేతులు కడుక్కుని వాసన చూపిస్తే గాని లోపలికి రానివ్వదు. తడివేలితో పేజీ తిప్పిన వాడికీ, గుర్తు కోసం మూల మడిచిన వాడికీ ఆ రోజు పుస్తకం లేదు. అలా చూస్తే కొంచెం రాక్షసే. కానీ శుక్రవారం మధ్యాహ్నం ఆమె పుస్తకం తెరిచి పైకి చదువుతుంటే రెండో తరగతి గుంటలు కూడా ముక్కు తుడుచుకోవడం మరిచిపోయేవారు.

ఆమె పుస్తకాల పిచ్చి పేటలోనే అంతమయ్యేది కాదు. సెలవు వస్తే బస్సెక్కి విజయనగరం పోయేది. గంటస్తంభం దగ్గర జగన్నాధం అనే ఆయనకి పాత పుస్తకాల కొట్టు ఉంది. పూట గడిచినా ఆ కొట్లోంచి కదిలేది కాదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు. గ్లోరీ పుస్తకంలో ఆఖరి పేజీ పట్టి చూసేది. చివర్న అందరూ సుఖంగా ఉన్నారని ఉంటే మూతి విరిచి అవతల పెట్టేసేది. గుండె పిండేసే ముగింపు ఉన్న పుస్తకమైతే వారం రోజులు తలగడ పక్కనే ఉండాల్సిందే. చదివేవాడు బతిమాలినదల్లా ఇచ్చేసే పుస్తకం పుస్తకమే కాదని ఆమె గట్టి నమ్మకం.

ఇంకో పట్టింపు ఉంది. అచ్చులో లేని ముక్క ఆమె నోట రాదు. "తర్వాత నక్క ఇంటికెళ్లిపోయిందా టీచర్?" అని పిల్లలు అడిగితే, "పుస్తకంలో లేదు, నాకు తెలియదు" అనేది. హెడ్మాస్టరు నరసింగరావు ఒకసారి, "పోనీ వెళ్లిపోయిందని చెప్తే మీ సొమ్మేం పోయిందమ్మా?" అన్నాడు. గ్లోరీ ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

చిత్రంగా ఆమె పట్టింపూ పేట వాళ్ల పట్టింపూ ఒక చోట కలిశాయి. పగలు కథ చెబితే వేటకెళ్లిన వాళ్లు సముద్రం మీద దారి తప్పుతారని పేటలో నమ్మకం. దీపం పెట్టాకే కథ. మరి బడిలో పట్టపగలు టీచరమ్మ చేస్తున్నదేమిటని మొదట్లో గొడవ లేచింది. తాతమ్మే తీర్పు చెప్పింది: నోటితో అల్లి చెబితే అది కథ. అచ్చులో ఉన్నది ఉన్నట్టు పలికితే అది చదువు. చదువుకి పగలూ రాత్రీ లేదు. గ్లోరీ దేవుణ్ణి నమ్ముకున్న బాప్టిస్టు మనిషి. ఈ శకునాలంటే ఆమెకు నవ్వు. అయినా ఆ తీర్పు తన లైబ్రరీకి పనికొచ్చింది కాబట్టి నవ్వు లోపలే దాచుకుంది.

ఇక తెప్ప పుస్తకం సంగతి. దొరసాని బీరువాల్లో రాజులున్నారు, సింహాలున్నాయి, మంచు కొండలున్నాయి. సముద్రం ఉన్న పుస్తకం ఒక్కటే. అట్ట మీద తెప్ప, దాని మీద ముసలి తండ్రి, ముగ్గురు కొడుకులు. పైలిన్ తుఫాను ఏడు బడిలోకి నీళ్లొచ్చినప్పుడు అది కింది అరలో ఉంది. ఆఖరి కాగితాలు ముద్దయిపోయాయి. గ్లోరీ మిగిలినదాన్ని ఆరబెట్టి, కుట్టి, అట్ట వేసి, పైఅరలో పెట్టేసింది. చివర లేని పుస్తకాన్ని పిల్లలకివ్వడం ఆమె దృష్టిలో సగం అన్నం పెట్టి విస్తరి లాగేసుకోవడమే.

కానీ నాలుగో తరగతి ఉష ఆ అట్ట చూసేసింది. తాతమ్మ కొడుకు పోతురాజు కూతురే ఈ ఉష.

"టీచర్, అందులో మాలాంటోళ్లున్నారు. సదవండి టీచర్."

"దానికి చివర లేదే."

"ఉన్నంత వరకే సదవండి."

వర్షాకాలమంతా ఆ పిల్ల జిడ్డులా పట్టుకుంది. ఈలోగా జగన్నాధం ఫోను చేసి, ఆ పుస్తకమే ఇంకో ప్రతి దొరికింది, బస్సుకి ఇచ్చి పంపుతానన్నాడు. ఇంకేం, వచ్చే శుక్రవారానికి చివర చేతిలో ఉంటుందని గ్లోరీ లెక్క వేసుకుంది. చెట్టు మీద కాయ చూసుకుని పచ్చడికి రోలు కడిగింది.

ఆ ధీమాతో, పుస్తకం రాకుండానే, ఈ శుక్రవారమే ఉన్నంత వరకు చదివేసింది. వల అడుగున బండలకు చిక్కుకుంది. గాలి లేచింది. వల విడిపించడానికి తండ్రి నడుముకి తాడు కట్టుకుని నీళ్లలోకి దిగాడు. తాడు రెండో కొస తెప్పకు కట్టి ఉంది. కెరటానికి తండ్రి అవతలికి కొట్టుకుపోతున్నాడు. ఆ బరువుకి తెప్ప ఒక పక్కకి ఒరిగిపోతోంది. అప్పుడు తండ్రి నీళ్లలోంచి తల ఎత్తి, కొడుకుల వంక చూసి...

అక్కడికి పేజీ అయిపోయింది. పుస్తకమూ అయిపోయింది.

"మిగతాది వచ్చే వారం" అంది గ్లోరీ. పిల్లలు గొల్లుమన్నారు. తర్వాత ఒక్కొక్కరూ ఇంటికెళ్లి, ఆ తెప్పని అలాగే నడిసముద్రంలో ఒరిగించి, తమ వాళ్లకి అప్పజెప్పారు.

శనివారం తెల్లవారి ఇంజను తెప్పలు వేటకెళ్లాయి. సాయంత్రానికి ఉన్నట్టుండి ఈదురుగాలి కొట్టింది. తెప్పలన్నీ పడుతూ లేస్తూ తిరిగొచ్చాయి, పోతురాజు తెప్ప తప్ప. దాని మీద నలుగురు. ఆదివారం జ్ఞానానందం పాస్టరు గారు చర్చిలో వాళ్ల కోసం ప్రార్థన చేయించారు. గంగమ్మ గుడిలో ఆడవాళ్లు పసుపు నీళ్లు పోశారు. సముద్రం ఆ తెప్పని తేలేదు. జగన్నాధం బస్సు కూడా ఏ పుస్తకమూ తేలేదు.

సోమవారం గ్లోరీ లైబ్రరీ తలుపు తీసేసరికి వాకిట్లో పదిహేను మంది దాకా ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ముందు తాతమ్మ. గంప లేకుండా ఆమెను చూడటం గ్లోరీకి అదే మొదలు. పక్కన ఉష, ముడుచుకుని కూర్చుంది.

"టీచరమ్మా, సుక్కురోరం ఏటి సదివినావు?"

గ్లోరీకి అర్థం కాలేదు. "తెప్ప పుస్తకం పెద్దమ్మా. ఎందుకు?"

"తెప్పని నడిసంద్రంలో ఒగ్గీసి, తాళమేసీసి ఇంటికెల్లిపోయావు. ఆ మర్నాడే నా కొడుకు ఎల్లినాడు. ఆ తెప్ప ఒడ్డెక్కకుండా ఈ తెప్ప ఎలగొస్తాది? సదువు మజ్జిలో ఆపీస్తే ఊరుకుంటాదేటి?"

"అది వట్టి పుస్తకం పెద్దమ్మా. దానికీ పోతురాజుకీ..."

"పుస్తకమే కదా, సదివీ మరి. అడ్డేటి? ఒడ్డుకి సేరినట్టు అందులో ఉంటాది కదా, అది సదివీ. అందాకా నానిక్కడ్నుంచి లెగను."

నరసింగరావు గబగబా వచ్చి, గ్లోరీని పక్కకి పిలిచి గుసగుసలాడాడు. "ఏదో ఒకటి చెప్పేయండమ్మా. జరగరానిదేదైనా జరిగితే ఈ పేట నుంచి ఒక్క పిల్ల మీ లైబ్రరీ గడప తొక్కదు. నా బడి గడపా తొక్కదు."

అది నిజమని గ్లోరీకి తెలుసు. చివరి కాగితాలు లేవని నిజం చెప్పేస్తే? ఒడ్డు లేని తెప్పని పిల్లల చేత ఇళ్లకి పంపినట్టు ఒప్పుకోవడమే. ఆ తర్వాత పోతురాజు రాకపోతే ఆ పాపం ఈ మూడు బీరువాల నెత్తినే పడుతుంది. పోనీ అల్లి చెబితే? ఆమె నియమం సంగతి అలా ఉంచండి, తాతమ్మ తీర్పు ప్రకారం అది చదువు కాదు, పట్టపగలు చెప్పిన కథ. వాళ్ల నమ్మకంలో అంతకన్నా కీడు లేదు. అల్లిందని తెలియకూడదు, అంతే. పుస్తకానికి చివర లేదని తెలిసిన ప్రాణి ఒక్కటే ఉంది. తాతమ్మ పక్కన మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని ఆ ప్రాణి ఆమె వంకే చూస్తోంది.

గ్లోరీ లోపలికెళ్లి పుస్తకం తెచ్చింది. చేతులు కడుక్కుంది. గుమ్మంలో కుర్చీ వేసుకుని చివరి పేజీ తీసి, ఆగిన చోటు నుంచి అందుకుంది.

"అప్పుడు తండ్రి నీళ్లలోంచి తల ఎత్తి, కొడుకుల వంక చూసి..."

పేజీ తిప్పింది. అవతల అట్ట లోపలి భాగం, దాని మీద తనే పూసిన జిగురు మరక, అంతే.

ఇన్నేళ్లుగా ఇన్ని ముగింపులు చదివిన మనిషి. అక్కడ ఏ మాట ఉండి ఉంటుందో ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. తాడు తండ్రిది, బరువు తండ్రిది, తెప్ప మీద ముగ్గురు పిల్లలు. ఆ తండ్రి అనగలిగిన మాట ఒక్కటే. తాడు కోసెయ్యండి. ఆ మాట నాలుక చివరికి వచ్చి నిలబడింది. అది ఎంత మంచి ముగింపో కూడా ఆమెకు తెలుసు. అలాంటి పుస్తకం దొరికితే తలగడ పక్కన పెట్టుకునేది.

తాతమ్మ రెండు చేతులూ జోడించి ఉంది. దండం పుస్తకానికో, గ్లోరీకో, సముద్రానికో ఆమెకే తెలియాలి.

"'లాగండి' అన్నాడు" అని చదివింది గ్లోరీ.

ఆడవాళ్లలో ఎవరో "అమ్మయ్య" అన్నారు.

"'నన్ను లాగండిరా, నా చేతుల్లో ఇంకా సత్తువ ఉంది' అన్నాడు. ముగ్గురు కొడుకులూ తాడు పట్టుకుని లాగారు." చదువుతోంది. ఖాళీ అట్ట మీద కళ్లు ఎడమ నుంచి కుడికి నడిపిస్తోంది. "పెద్దవాడు లాగాడు, నడిపివాడు లాగాడు, చిన్నవాడు లాగాడు. తండ్రి తెప్ప ఎక్కాడు. వల పోతే పోయింది. గాలి తగ్గింది. తెల్లవారేసరికి ఒడ్డు కనిపించింది."

"నలుగురూ దిగినారా?" తాతమ్మ అడిగింది.

"నలుగురూ దిగారు."

"అలాగని రాసున్నాదా?"

గ్లోరీ తల ఎత్తింది. ఎదురుగా ఉష. ఆ పిల్ల నోరు తెరిచింది.

"ఉన్నాది మామ్మా" అంది ఉష. "నాను సూసినాను."

తాతమ్మ లేచి కొంగు దులుపుకుంది. "అదీ. అది ఆ రోజే సదివీసి ఉంటే ఇంత తిప్పలు నేకపోను కదా" అని గ్లోరీని మందలించి, ఆడవాళ్లను వెంటబెట్టుకుని రేవుకి వెళ్లిపోయింది. గ్లోరీ లోపలికి వచ్చి కూర్చుంది. ఇంత చప్పటి ముగింపు ఏ పుస్తకంలో కనిపించినా తను రెండో మాటు ముట్టుకునేది కాదు. సిగ్గేసింది. దానికన్నా ఎక్కువ భయమేసింది. శకునాలంటే నవ్వే మనిషి ఆ రోజంతా కిటికీలోంచి సముద్రం వైపే చూస్తూ కూర్చుంది.

మంగళవారం పొద్దుపోకముందే ఒరిస్సా వైపు నుంచి ఫోనొచ్చింది. ఇంజను చెడిపోయి, తెప్ప ఉత్తరానికి కొట్టుకుపోయి, అక్కడి జాలరుల కంటపడింది. నలుగురూ బతికే ఉన్నారు. వల పోయింది.

వల పోయిందన్న ముక్కతో పేట దద్దరిల్లింది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు జరిగిందన్నారు. పాస్టరు గారు తన ప్రార్థన వల్లనే అన్నారు, గంగమ్మ పూజారి తన పసుపు నీళ్లన్నాడు. తాతమ్మ ఎవరినీ నొప్పించలేదు. ఆ ఘనతని అందరికీ పంపకాలు చేసి పెద్ద వాటా టీచరమ్మకిచ్చింది. మొయ్యలేనంత వంజరం చేప తెచ్చి గుమ్మంలో పెట్టింది, సరిగ్గా చేతులు కడిగే బకెట్టు పక్కన.

అక్కడితో ఆగితే బాగుండేది. తెప్పలు దూరపు వేటకి బయల్దేరే ముందు రోజు ఆడవాళ్లు వచ్చి లైబ్రరీ వాకిట్లో కూర్చోవడం మొదలుపెట్టారు. "టీచరమ్మా, బేగి ఆ ఆకరి పేజీ సదివీ" అనేవారు. గ్లోరీ చదివేది. వినగా వినగా వాళ్లకి నోటికి వచ్చేసింది. "లాగండి" అన్న చోట అందరూ ఒక్కసారే అందుకునేవారు, ఒడ్డున వరసగా నిలబడి అలివి వల లాగేటప్పుడు పాట అందుకున్నట్టు. నరసింగరావు దీనికి సామాజిక భాగస్వామ్యం అని పేరు పెట్టి మిషన్ వాళ్లకి గొప్పగా చెప్పుకున్నాడు. అచ్చులో లేని ముక్క నోట రానివ్వనన్న మనిషి, లేని అచ్చుని నెలకి రెండు మూడు సార్లు చదువుతోంది. ఆ పని చేసిన రోజు ఆమెకు అన్నం సహించేది కాదు.

జగన్నాధం పెట్టిన చోటు మరిచిపోయి, వెతికి, మళ్లీ మరిచిపోయి, చివరికి మరుసటి ఏడు జూన్‌లో, బడులు తెరిచిన వారంలో పుస్తకం పంపాడు. సర్కారు వేట నిషేధం ఆ రోజుతో సరి, మర్నాడు తెప్పలన్నీ సముద్రం మీదికి పోవాలి. పేటంతా ఇంజన్లకి నూనెలు, తెప్పలకి బొట్లు. గ్లోరీ కట్ట విప్పింది. అదే అట్ట, అదే తెప్ప, నలుగురు. చేతులు కడుక్కుని, తనకే సిగ్గేసేంత ఆత్రంతో, చివరకి తిప్పింది.

'అప్పుడు తండ్రి నీళ్లలోంచి తల ఎత్తి, కొడుకుల వంక చూసి, తాడు కోసెయ్యండి అన్నాడు.'

ఆ తర్వాత రెండు పేజీలు. కొడుకుల్లో ఎవరు కోశారో పుస్తకం చెప్పలేదు. ఒడ్డున తల్లి వాళ్లని లెక్కపెట్టి, ఏమీ అడక్కుండా ముగ్గురికే అన్నం వడ్డించింది. అక్కడ అయిపోయింది.

గ్లోరీ ఏడ్చింది. చాలా బాగుంది. తను అల్లిన దానికీ దీనికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత దూరం. ఈ పుస్తకాన్ని దాచేస్తే తను లైబ్రేరియన్ కాదు. వాకిట్లో పెట్టి చదివితే, ఆ మాట విన్నాక ఏ ఆడదీ రేపు తన మనిషిని తెప్ప ఎక్కనివ్వదు. ఆమె అలా పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఉండగానే ఉష వచ్చింది. ఐదో తరగతి ఇప్పుడు, కాస్త పొడుగైంది.

"కొత్తదొచ్చిందేటి టీచర్?" అట్ట గుర్తుపట్టి ఆగిపోయింది. "దీనికి ఆకరి కాయితాలు ఉన్నాయా?"

"ఉన్నాయి."

"తండ్రి ఏటన్నాడు?"

అబద్ధం ఆడటానికి గ్లోరీకి నోరు రాలేదు. పుస్తకం గురించి ఒక పిల్లకి ఇంకో అబద్ధం చెప్పే ఓపిక ఆమెకు లేదు. పుస్తకం చేతికిచ్చింది.

ఉష బయటికెళ్లి చేతులు కడుక్కొచ్చింది. నిలబడే చదివింది. ఎక్కడా తడివేలు వాడలేదు. చదవడం అయ్యాక పుస్తకం మూసి, చాలాసేపు అట్ట మీద తండ్రి బొమ్మ వైపు చూసింది. రేపు పోతురాజు కూడా వెళ్తున్నాడు.

"టీచర్, ఇదే బాగుంది" అంది.

"అవును" అంది గ్లోరీ.

"దీన్ని పైఅరలో ఎట్టీసి తాళమేసీండి. మా మామ్మోళ్లు వచ్చీస్తన్నారు."

తనే బీరువా తీసి, అతుకుల తెప్ప పుస్తకం తెచ్చి గ్లోరీ చేతిలో పెట్టింది. కొత్తదాన్ని గ్లోరీ పైఅరలో పెట్టి తాళం వేసింది. అప్పటికి వాకిట్లో ఆడవాళ్లు సర్దుకు కూర్చుంటున్నారు. ముందు వరసలో తాతమ్మ, ఆమె పక్కన ఉష వెళ్లి కూర్చుంది. గ్లోరీ కుర్చీ వేసుకుని ఖాళీ అట్ట తెరిచింది. తండ్రి నీళ్లలోంచి తల ఎత్తి కొడుకుల వంక చూసే చోటుకి వచ్చి ఆగిపోయి, తల తిప్పి తాళం వేసిన బీరువా వైపు చూసింది.

ఆడవాళ్లు ఎదురుచూస్తున్నారు.

"లాగండి" అంది ఉష, అందరికన్నా ముందుగా, గట్టిగా. వెనకే వాకిలంతా అందుకుంది.